ఆపరేషన్ సక్సెస్ అన్నారు, మరి చూపేదండీ?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు. భీమవరం దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్లుగా టైలరు పని. షుగరు వచ్చి పదిహేనేళ్లయింది. మొదట్లో మాత్రలు సరిగ్గా వేసుకోలేదు, మీ దగ్గర దాచడం ఎందుకు. రెండేళ్ల కిందట కుడి కంట్లో రక్తం దిగింది. ఎడమ కంటిలో కూడా మొదలైందని దానికి లేజర్ పెట్టారు. రెండుసార్లు కొట్టించుకుని మళ్లీ వెళ్లలేదు. తర్వాత కుడి కంట్లో పొర ఊడిందని ఆపరేషన్ చేసి ఆయిల్ వేశారు. నాలుగు నెలలకు తీసేశారు. తీసి ఇప్పటికి ఏడు నెలలు. ఆపరేషన్ సక్సెస్ అన్నారు గానీ, ఆ కంటికి చార్టులో రెండో వరస దాటి ఆనడం లేదు. కాగితం మీద 6/36 అని రాశారు. గడప, కిటికీ ఊచలు వంకరగా కనబడుతున్నాయి. ఎడమ కన్ను 6/9. ఇక ఇంతేనా, ఇంకా వస్తుందా? వచ్చిన ఈ కాస్తా ఐదేళ్లకో పదేళ్లకో పోతుందా? మళ్లీ మిషన్ మీద కూర్చోగలనా? మస్కట్‌లో ఉన్న మా అబ్బాయి రమ్మంటున్నాడు, విమానం ఎక్కవచ్చా? ఎడమ కంటికి లేజర్ కొట్టిస్తే ఉన్న చూపు కూడా పోతుందని మా బావమరిది అంటున్నాడు. ఇది మా అమ్మాయి చేత రాయిస్తున్నాను. పేరు వేయకండి.

జవాబు: నమస్కారమండీ. ఎడమ కంటి సంగతి మీ ఉత్తరంలో అన్నిటికంటే చివర, బావమరిది మాటగా వచ్చింది. నాకు మాత్రం అదే ముందు కనబడింది. కుడి కన్ను గురించి ఇవాళ కాకపోతే వచ్చే నెల మాట్లాడుకోవచ్చు. సగంలో ఆపేసిన లేజర్ మాత్రం అలా వాయిదా వేసేది కాదు. ఈ వారంలోనే వెళ్లి ఎడమ కన్ను చూపించుకోండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను, కానీ అంతవరకు చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క పనీ చేసి మిగతాది తర్వాత చదువుకోండి.

ఇక సక్సెస్ సంగతి. ఆ మాట మేం ఎప్పుడు వాడతామో కాస్త సిగ్గుపడుతూనే చెబుతాను. ఊడిన రెటీనా, అంటే మీరు పొర అన్నది, మళ్లీ గోడకు అతుక్కుంది, ఆయిల్ తీశాక కూడా అతుక్కునే ఉంది, లోపల రక్తం లేదు, కంటి ప్రెషర్ అదుపులో ఉంది. ఇవి ఉంటే మా లెక్కలో ఆపరేషన్ సక్సెస్. పేషెంటుకు కావలసింది కనబడటం. ఒకే మాటను ఇద్దరం రెండర్థాల్లో పట్టుకుని, ఇద్దరం తలూపి, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోతాం. నా ఓపీలోనే ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు. మీ డాక్టరు మీకు అబద్ధం చెప్పలేదు. రెండో సగం చెప్పలేదంతే.

ఆ రెండో సగం మీ పని భాషలో చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. జాకెట్టుకు లోపల లైనింగ్ వేస్తారు కదా, కంటికి రెటీనా అలాంటిది. మందం పావు మిల్లీమీటరు ఉంటుందేమో. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అందులోని సన్న రక్తనాళాలు కొన్ని కారతాయి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని చోటు ఆకలితో కేకేసినట్టు కొత్త నాళాల్ని పుట్టిస్తుంది. అవి నాసిరకం, ఊరికే చిట్లుతాయి. మీ కంట్లో రక్తం దిగింది అందుకే. బీర తీగ పందిరి పట్టుకుని పాకినట్టు, ఇవి కంటి మధ్యలో నిండి ఉండే జెల్లీని పట్టుకుని పాకుతాయి. కొన్నాళ్లకు ఎండి పీచులా బిగుసుకుంటాయి. గుడ్డలో ఒక్క పోగు పట్టి లాగితే చుట్టూ కుచ్చులు పడతాయి చూశారా, అలా రెటీనా ముడతలు పడి వెనక గోడ నుంచి లేచిపోతుంది.

ఆపరేషన్లో మేం చేసేది ఆ బిగుసుకున్న పోగుల్ని విడదీయడం. కంటి తెల్లగుడ్డులో మూడు చిన్న రంధ్రాలు పెడతాం, ఒక్కోటీ అర మిల్లీమీటరు ఉంటుంది. ఒకదాంట్లోంచి లైటు, ఒకదాంట్లోంచి జెల్లీని కత్తిరించి పీల్చే గొట్టం, ఒకదాంట్లోంచి సెలైను. మైక్రోస్కోపులో మాకు ఎలా కనబడుతుందంటే, తడిసిన పూతరేకు మీద సాలెగూడు అతుక్కున్నట్టు ఉంటుంది. పూతరేకు చిరగకూడదు, సాలెగూడు మాత్రం రావాలి. ఒక్కోచోట ఊరికే లేచి వస్తుంది, ఒక్కోచోట అంటుకుపోయి ఉంటుంది, దాన్ని చుట్టూ కత్తిరించి ముక్కగా వదిలేయాలి. మీది ఆయిల్ దాకా వెళ్లిందంటే తేలికైన కేసు కాదన్నమాట. ఆయిల్ వేసేది లైనింగును లోపలి నుంచి గోడకు అదిమి పట్టడానికి, మీరు గుడ్డ మీద బరువు పెట్టినట్టు.

ఇంత చేసినా గుడ్డ పాతదే. నెలల తరబడి మడతలో ఉన్న గుడ్డను ఇస్త్రీ చేస్తే చదును అవుతుంది, మడత గీత మాత్రం మిగులుతుంది. మీకు కిటికీ ఊచలు వంకరగా కనబడటానికి చాలావరకు ఇదే కారణం కావచ్చు. రెటీనా నడిమధ్యన మాక్యులా అని ఒక చిన్న చోటు ఉంటుంది. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనిషి ముఖం గుర్తుపట్టడం అన్నీ అక్కడే. అది ఎన్నాళ్లు లేచి ఉంది, అందులో నాళాలు ఎన్ని మూసుకుపోయాయి అన్నదాన్ని బట్టే ఆపరేషన్ తర్వాత చూపు ఉంటుంది. అక్కడ మూసుకుపోయిన నాళాన్ని తెరిచే కత్తి గానీ మందు గానీ ఇవాళ్టికి ఎవరి దగ్గరా లేదు. ఉందని ఎవరైనా చుక్కలమందు అమ్మితే డబ్బు దాచుకోండి.

అయితే 6/36 దగ్గరే ఆగిపోయిందని ఇప్పుడే రాసేయకండి (మామూలు చూపు 6/6, కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువన్నమాట). ఇలాంటి కన్ను ఆరు నెలల పాటు, ఒక్కోసారి ఏడాది దాకా నెమ్మదిగా మెరుగవుతూ ఉంటుంది. ఆయిల్ తీశాక మీకు ఏడు నెలలైంది కాబట్టి దానంతట అదే వచ్చేది ఇక కొంచెమే. కానీ మనం తెప్పించగలిగేది ఉందేమో వెతకాలి. మొట్టమొదట అద్దాలు. ఆయిల్ ఉన్నప్పటి పవరు వేరు, తీశాక వేరు. తీసిన తర్వాత ఎవరైనా ఓపిగ్గా కూర్చోబెట్టి అద్దాల పరీక్ష చేశారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. పాత అద్దాలతోనే 6/36 చదివి దిగులు పడుతున్నవాళ్లను నేను చూశాను. తర్వాత శుక్లం. కంటి లోపలి జెల్లీ తీసేసిన కంట్లో, అందులోనూ యాభై దాటాక, ఆయిల్ వేశాక, శుక్లం ఒకటి రెండేళ్లలో ముదరడం మామూలే. అది తీసేస్తే రెండు మూడు వరసలు పెరగవచ్చు. కాకపోతే షుగర్ కంట్లో శుక్లం ఆపరేషన్ తొందరపడి చేయకూడదు, ముందు మాక్యులా ఎలా ఉందో చూడాలి. అక్కడ నీరు ఉంటే శుక్లం తీశాక ఇంకా పెరుగుతుంది.

ఆ చూసే పరీక్ష పేరు ఓసీటీ. నొప్పి ఉండదు, గడ్డం ఆనించి ఒక చుక్క వైపు చూస్తూ కూర్చోవాలి, అయిదు నిమిషాల పని. అందులో మాక్యులాలో వాపు ఉంటే తెలుస్తుంది, మీద కొత్తగా సన్న పొర కట్టినా తెలుస్తుంది. వాపుకు కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. పొరకు, చాలా ఇబ్బందిగా ఉంటేనే, ఇంకో ఆపరేషన్ ఉంది. ఇవేవీ లేకుండా మాక్యులా పల్చబడి ఉంటే మాత్రం మీ డాక్టరు చేతుల్లో ఇక పెద్దగా ఏమీ లేదు. ఆ మాట ఆయన నోటితోనే చెప్పించుకోండి. తేలని ఆశతో ఊరూరూ తిరగడం కంటే అదే నయం. కంటి ప్రెషర్ కూడా కొలిపించుకోండి. ఆయిల్ పడిన కంటికి, షుగర్ కంటికి గ్లాకోమా వచ్చే అవకాశం ఎక్కువ. అది చడీచప్పుడూ లేకుండా కంటి నరాన్ని తినేస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వచ్చింది నిలుస్తుందా అని. నిలుస్తుంది. షరతులు ఉన్నాయి, కానీ ముందు ఈ మాట వినండి, నిలుస్తుంది. పందిరి మాట చెప్పాను కదా. ఆపరేషన్లో ఆ జెల్లీ తీసేయడం అంటే పందిరి పీకేయడమే. పాకడానికి పట్టు లేకపోతే ఆ నాసి తీగలు తిరిగి లేచి లాగడం చాలా అరుదు. పైగా ఆపరేషన్లోనే కంటి లోపల లేజర్ పెట్టి ఉంటారు. రక్తం మళ్లీ దిగడం, రెటీనా మళ్లీ లేవడం, ప్రెషర్ పెరగడం వంటి గొడవలు వస్తే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే వస్తాయి. ఆ ఏడాది ప్రశాంతంగా గడిచిన కన్ను చాలామందిలో ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటుంది. తర్వాత చూపు తగ్గితే ఎక్కువసార్లు కారణం శుక్లం, మాక్యులా వాపు, గ్లాకోమా. మూడిట్లో శుక్లం పూర్తిగా బాగయ్యేది, మిగతా రెండూ పట్టుకుంటే ఆగేవి.

ఈ ఆపరేషన్ పుట్టి ఎంతో కాలం కాలేదు. 1970లో అమెరికాలోని మయామిలో రాబర్ట్ మాకెమర్ అనే జర్మనీ నుంచి వచ్చిన డాక్టరు మొదలుపెట్టారు. జెల్లీని కత్తిరించి పీల్చే పరికరాన్ని తన గ్యారేజీలో కోడిగుడ్డు తెల్లసొన మీద పరీక్షించి చూశారట. అంతకు ముందు మీలాంటి కన్ను వస్తే డాక్టర్లు చేసేదేమీ ఉండేది కాదు, భుజం తట్టి పంపించేవారు. ఆపరేషన్ వచ్చాక కూడా మొదట్లో ఫలితాలు గొప్పగా లేవు. 1985లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి ఉంది, రక్తం నిండిన 616 కళ్లను తీసుకున్నారు. తొందరగా ఆపరేషన్ చేసిన వాటిలో రెండేళ్లకు 6/12 గానీ అంతకంటే మెరుగ్గా గానీ చూడగలిగినవి 25 శాతం, ఏడాది ఆగి చేసిన వాటిలో 15 శాతం. ఆ రోజుల్లో అదే పెద్ద విజయం. కంటి లోపల లేజర్ పెట్టే సాధనం వాళ్లకు ఇంకా అందుబాటులో లేదు.

2020లో వచ్చిన ఇంకో అధ్యయనం అమెరికా, కెనడాలది. అందులో రక్తం దిగిన 205 కళ్లు. సగం మందికి ఆపరేషనూ లేజరూ, సగం మందికి ముందు ఇంజెక్షన్లు. రెండేళ్లకు రెండు గుంపుల్లోనూ సగటు చూపు 6/12 దరిదాపుల్లో ఉంది. రక్తం మళ్లీ దిగింది మాత్రం ఇంజెక్షన్ల వాళ్లలో 49 శాతం మందికి, ఆపరేషన్ వాళ్లలో 15 శాతం మందికి. ఈ లెక్క చూసి, వాళ్లకు 6/12 వస్తే నాకెందుకు రాలేదని మీ డాక్టరుతో గొడవ పెట్టుకోకండి. అవి ప్రధానంగా రక్తం దిగిన కళ్లు, మాక్యులా ఊడిన కళ్లు కాదు. రక్తం అడ్డు తీస్తే వెనక బాగున్న రెటీనా వెంటనే చూస్తుంది. మీది ఆ అడ్డు కాదు, లైనింగే దెబ్బతింది. పక్కింటాయనకు ఆపరేషనైన వారానికే పేపరు చదివాడని ఎవరైనా చెబితే, ఆయనది బహుశా రక్తం కేసు అయ్యుంటుంది.

ఇప్పుడు ఎడమ కన్ను, మీ బావమరిది. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయన చూసింది నిజమే. లేజర్ కొట్టించుకున్నాక చూపు పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎందుకంటే మనవాళ్లు రక్తం దిగే ముందు రోజు దాకా వెళ్లరు. లేజర్ పని చేయడానికి వారాలు పడుతుంది, ఈలోగా దిగవలసిన రక్తం దిగుతుంది, నింద లేజర్ మీద పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. లేజర్ చూపు పెంచదు. ఆ మాట ముందే చెప్పకపోతే, డబ్బూ సమయమూ పెట్టి కొట్టించుకున్నా ఒక్క అక్షరం పెరగలేదని జనం అనుకోవడంలో తప్పేముంది? లేజర్ కంటి అంచుల్లో ఆకలిగా ఉన్న చోట్లను కాల్చి కేకలు ఆపుతుంది, దాంతో కొత్త తీగలు ఎండిపోతాయి. అంచుల్ని బలిచ్చి నడిమిని కాపాడటం. రాత్రిపూట, చీకట్లో చూపు కొంచెం తగ్గడం, పక్క చూపు కాస్త కుదించుకోవడం నిజంగా జరుగుతాయి. అది మనం కట్టే వెల.

ఈ వెల కట్టవచ్చా అన్నది 1970ల్లోనే తేల్చారు. 1,700 మందికి పైగా పేషెంట్లను తీసుకుని, ఒకే మనిషిలో ఒక కంటికి లేజర్ పెట్టి రెండో కంటిని అలాగే వదిలి చూశారు. లేజర్ పెట్టిన కళ్లలో చూపు దాదాపుగా పోయే ముప్పు సగానికి పైగా తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో, అధ్యయనం ముగియకముందే 1976లో ఫలితం బయటపెట్టి, వదిలేసిన కళ్లకు కూడా లేజర్ పెట్టవచ్చన్నారు. ఆ ప్రయోగం మీ ముఖం మీదే జరిగిందండీ. కుడి కన్ను చేతిలోంచి జారింది, ఎడమ కంటికి సగం లేజర్ పడింది. పూర్తి లేజర్ అంటే వెయ్యి పైచిలుకు చుక్కలు, రెండు మూడు సిట్టింగుల్లో. మీకు ఎన్ని పడ్డాయో ఆ ఆసుపత్రి కాగితాల్లో ఉంటుంది, తీసుకెళ్లండి. ఒకటో రెండో సిట్టింగులు మిగిలి ఉంటాయి. నొప్పి ఎక్కువై మానేసి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, మత్తు ఇచ్చి చేస్తారు.

లేజర్ బదులు ఇంజెక్షన్లు చాలవా అని మీ అబ్బాయి నెట్‌లో చూసి అడగవచ్చు. మంచి ప్రశ్నే. అమెరికాలో 2015 నుంచి వచ్చిన ఫలితాల్లో, ఐదేళ్ల తర్వాత కూడా ఇంజెక్షన్ల గుంపూ లేజర్ గుంపూ చూపులో సమానంగా ఉన్నాయి, రెండూ 6/9 కంటే మెరుగ్గానే. కానీ క్రమం తప్పకుండా వెళ్లినవాళ్ల సంగతి అది. ఆ అధ్యయనంలోనే ఐదేళ్లు గడిచేసరికి మూడింట ఒక వంతు మంది రావడం మానేశారు, ఫోన్ చేసి గుర్తుచేసే ఏర్పాట్లు ఉన్న దేశంలో. మధ్యలో ఆరు నెలలకు పైగా మాయమై తిరిగి వచ్చినవాళ్లను ఫిలడెల్ఫియాలో విడిగా పరిశీలిస్తే, కేవలం ఇంజెక్షన్ల మీద ఉన్న కళ్లు బాగా దెబ్బతిన్నాయి, లేజర్ అయిన కళ్లు నిలదొక్కుకున్నాయి. లేజర్ ఒకసారి పడితే మీరు వెళ్లినా వెళ్లకపోయినా కాపలా కాస్తుంది. ఇంజెక్షన్ మందు కొన్ని వారాల్లో అయిపోతుంది. రెండు సిట్టింగులకే మానేసిన మనిషికి నేను దేన్ని సిఫారసు చేస్తానో మీరే ఊహించుకోండి. మాక్యులాలో వాపు ఉంటే మాత్రం ఇంజెక్షన్ తప్పదు, అప్పుడు రెండూ కావాలి.

ఎడమ కంటికి కూడా ఆపరేషన్ పడుతుందా అనే భయం మీ ఉత్తరం నిండా ఉంది, అడగలేదు గానీ. 6/9 ఉన్న కంటికి ఇప్పుడు లేజర్ పూర్తయితే ఆ అవసరం రాకుండా తప్పించే అవకాశం బాగా ఉంది.

షుగర్ విషయం మీకు కొత్తగా చెప్పేదేముంది. ఒకటి మాత్రం చెప్పాలి. భయంతో ఒక్కసారిగా షుగర్‌ను కిందికి దించేయకండి. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ గబుక్కున తగ్గితే రెటీనా జబ్బు మొదటి నెలల్లో కాస్త ముదరవచ్చు. 1993లో ఫలితాలు వచ్చిన పెద్ద అధ్యయనంలోనే ఇది కనబడింది. దీర్ఘకాలంలో మాత్రం తగ్గించుకున్నవాళ్లే గెలిచారు. కాబట్టి తగ్గించండి, డాక్టరు చెప్పిన వేగంతో తగ్గించండి, ఆ నెలల్లో కళ్లు చూపించుకుంటూ ఉండండి. బీపీ గురించి మన పేషెంట్లు ఎవరూ అడగరు, షుగర్ ఒక్కటే శత్రువనుకుంటారు. బ్రిటన్‌లో 1998లో తేలిందేమిటంటే, షుగర్ ఉన్నవాళ్లలో బీపీని గట్టిగా అదుపు చేస్తే రెటీనా జబ్బు ముదరడం మూడో వంతు మేర తగ్గింది. మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్, హిమోగ్లోబిన్ ఒకసారి చేయించండి. కంట్లో ఇంత జరిగిందంటే కిడ్నీలో సన్న నాళాలు కూడా అదే షుగర్‌ను తాగి ఉంటాయి. గుండె డాక్టరు ఆస్ప్రిన్ రాసి ఉంటే, కంట్లో రక్తం దిగుతుందని మీరే మానేయకండి. దానివల్ల కంట్లో రక్తం ఎక్కువగా దిగదని ఎప్పుడో తేల్చారు.

విమానం సంగతి రెండు ముక్కల్లో: ఎక్కవచ్చు. ఆయిల్ ఉన్నా ఎక్కవచ్చు, మీకు అదీ లేదు. ఆయిల్ బదులు కంట్లో గ్యాస్ వేసినవాళ్లే, అది ఉన్నంతకాలం, ఎక్కకూడదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గ్యాస్ ఉబ్బి ప్రెషర్ పెరిగి ఉన్న చూపు కూడా పోతుంది. వాళ్లకు అరకు ఘాటు ఎక్కడం కూడా డాక్టరును అడిగే చేయాల్సిన పని. మీరు మస్కట్ వెళ్లండి, మనవల్ని చూసుకోండి, లేజర్ పూర్తయ్యాక. మందులు చేతి సంచిలో పెట్టుకోండి, పెట్టెలో కాదు.

మిషన్ గురించి. మీరు కూర్చోగలరు. ఎడమ కంటి 6/9 కుట్టుపనికి చాలు. ఇబ్బంది చూపు చాలక రాదు, దూరం అంచనా తప్పడంతో వస్తుంది. రెండు కళ్లూ సమానంగా చూస్తేనే లోతు సరిగ్గా తెలుస్తుంది. నా దగ్గరకు వచ్చే ఒకావిడ ఆపరేషన్ తర్వాత ఫిల్టర్ కాఫీ గ్లాసు పక్కన పోసేది. చూపు పోయిందని ఏడ్చింది. గిన్నె మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోయమన్నాను. రెండు నెలల తర్వాత ఆనించకుండానే పోస్తోంది. మెదడు ఒక కంటితో లోతు కొలవడం నేర్చుకుంటుంది, కొన్ని నెలలు పడుతుంది. మీకూ మొదట్లో సూది కన్నం పక్క నుంచి దారం పోతుంది. దారం ఎక్కించే రేకు వాడండి, చేతికుట్టుకు పైన చీలిక ఉండే సూదులు దొరుకుతాయి. మిషన్ సూది దగ్గర వేలికి అడ్డు బిగించుకోండి, ఇది మాత్రం వాయిదా వేయకండి. లైటు తల మీద కాదు, ఎడమ పక్కన కిందుగా, గుడ్డ మీద పడేలా పెట్టుకోండి.

షుగర్ కంటికి అక్షరాల కంటే ముందు రంగుల తేడా తగ్గుతుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం మీకు పగలే కనబడకపోవచ్చు. చార్టులో మాత్రం 6/9 చదివేస్తారు, ఇంట్లోవాళ్లు నాటకమాడుతున్నాడనుకుంటారు. నాటకం కాదు. నల్ల బట్టలు కొన్నాళ్లు తీసుకోకండి, తీసుకున్నా కింద తెల్ల గుడ్డ పరిచి పొద్దున పూటే కుట్టండి. కాజాలు, హెమ్మింగు ఇంకెవరికైనా ఇచ్చి, కొలతలు, కత్తిరింపు, మిషన్ కుట్టు మీరు ఉంచుకోవచ్చు. ముప్పై ఏళ్ల చెయ్యి చాలా పని కళ్లు లేకుండానే చేస్తుందని మీకే తెలుసు. చీకటి పడ్డాక బండి మాత్రం నడపకండి. లేజర్ పూర్తయ్యాక రాత్రి చూపు ఇంకొంచెం తగ్గుతుంది.

సదరం సర్టిఫికెట్ గురించి ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. అది బాగున్న కంటిని బట్టి లెక్క కడతారు, ఎడమ కన్ను 6/9 ఉండగా 40 శాతం వైకల్యం రాదు. రాకపోవడమే మంచిది. ఒకవేళ ఎప్పుడైనా రెండో కన్ను కూడా మందగిస్తే హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే విభాగాలు ఉన్నాయి, భూతద్దాలు, పనిముట్లు అక్కడే ఎంచి ఇస్తారు.

అమ్మా, ఇది రాసిన అమ్మాయికి ఒక మాట. మీ నాన్నగారి దుకాణంలో చెక్స్ గుడ్డ ఉంటుంది కదా, చిన్న గళ్లది. ఒక మూర గోడకు బిగించండి. రోజూ పొద్దున అద్దాలు పెట్టుకుని, కుడి కన్ను మూసి ఎడమ కంటితో గళ్ల మధ్యలో ఒక చుక్క వైపు చూడమనండి. తర్వాత రెండో కన్ను. కుడి కంటికి గళ్లు ఎలాగూ వంకరగానే ఉంటాయి, ఎంత వంకరో ఒకసారి కాగితం మీద గీయించి దాచండి. ఎడమ కంటికి గళ్లు వంగినా, ఎక్కడైనా మాసినట్టున్నా, కొత్తగా నల్లటి దారాలూ మసి చుక్కలూ తేలుతున్నా, పక్క నుంచి తెర దిగినట్టున్నా ఆ రోజే బయల్దేరండి. మర్నాడు కాదు. ఏ కన్నైనా ఎర్రబడి నొప్పి, తలనొప్పి, వాంతి వస్తే కూడా అంతే. ఆపరేషన్ కాగితాలు, లేజర్ కాగితాలు, ఆయిల్ తీసినప్పటి డిశ్చార్జి ఒకే ఫైల్లో పెట్టి ఉంచండి. ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు సగం పరీక్షలు వాటితోనే తప్పుతాయి. ఇక ముందు మూడు నెలలకోసారి, అంతా నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి చూపించాలి, తేదీ క్యాలెండరు మీద రాసేది మీరే.

ఓసీటీ చేయించాక అందులో వాపు ఉందన్నారా, పొర ఉందన్నారా, పల్చబడిందన్నారా, ఆ ఒక్క మాట రాసి పంపండి. కుడి కంటికి ఇంకేం చేయవచ్చో అప్పుడు చెబుతాను. ఎడమ కంటికి ఎన్ని చుక్కలు మిగిలాయో కూడా రాయండి.